కంట్రోల్ వరస

19 సెప్టెంబర్ 2001, బుధవారం

తోట దొరికింది. మూడు వారాలు కళ్యాణదుర్గం చుట్టుపక్కల ఎర్ర దుమ్ము మింగుతూ తిరిగితే ఒక్కడు ఒప్పుకున్నాడు. మిగతా రైతులంతా నవ్వారు. ద్రాక్షతోట తెగులుకు ఆకుపసరు ఏమిటని ఒకాయన, ముందు మీ తలనొప్పికి వాడి చూసుకోమని ఇంకొకాయన. నాకు కోపం వచ్చింది. ముక్కు మీద కోపం అని అమ్మ ఊరికే అనదు.

ఒప్పుకున్నాయన పేరు చెన్నప్ప. యాభై ఏళ్లుంటాయి. భార్య బయమ్మ. ఎనిమిదెకరాల మెట్ట. వేరుశనగ ఈ ఏడు కూడా ఊడ పట్టలేదు, కాయ రాలేదు. మధ్యలో ఎకరా ద్రాక్ష పందిరి, రాతి కూసాలు, పైన తీగలు. నాలుగు బోర్లు ఎండిపోయాక ఐదో దాంట్లో నీళ్లు పడ్డాయట. ఆ నీళ్లు ఈ ఎకరాకే సరిపోతాయి. తోట ఉన్నన్నాళ్లు ఊళ్లో ఉంటాం, పోతే బెంగళూరు బస్సెక్కడమే అని బయమ్మ బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ చెప్పింది. అదేదో పొరుగువాళ్ల సంగతి అన్నట్టు చెప్పింది.

చెన్నప్ప నన్ను ఒకటే అడిగాడు. మందు కొట్టిన మర్నాడు పిట్టలు ఆ పండు తింటే చస్తాయా అని. చావవు, ఆకురసమే కదా అన్నాను. అయితే సరే, నాలుగు వరసలు తీసుకోండి అన్నాడు. ఐదు కావాలన్నాను. ఐదు ఇచ్చాడు.

దివాకర్ సార్‌కు ఫోన్ చేసి చెప్పాను. ఆయన నా గైడు. పసరు వైద్యురాలికి శుభాకాంక్షలు అన్నాడు. నా పీహెచ్‌డీ అంటే ఆయనకు అంత వేళాకోళం.

22 సెప్టెంబర్, శనివారం

ప్రూనింగ్. చెన్నప్ప కత్తెర పట్టుకుంటే చూస్తూ ఉండాలనిపిస్తుంది. కొమ్మను వేలితో ఒకసారి తడిమి, చిగురు కన్ను ఎక్కడుందో చూసి, టక్కున కోస్తాడు. రెండోసారి చూడడు. చుట్టుపక్కల ఎవరి తోటలో ప్రూనింగ్ అయినా మొదటి కత్తెర ఇతని చేతే వేయిస్తారట. చెన్నప్ప చెయ్యి మంచిదని ఊళ్లో పేరు. ఈ రోజు కూడా తన తోట పని మధ్యలో ఆపి, రోడ్డవతల ఓబుళేసు తోటకు వెళ్లి ఒక కొమ్మ కోసి వచ్చాడు. నాకు ఇలాంటివి నమ్మకం లేదు. కానీ ఆ కోత చూశాక అతని చెయ్యి మంచిదే అనుకున్నాను.

వరసలకు రేకు ముక్కలు కట్టాను. T1 కానుగ, T2 ఉమ్మెత్త, T3 సర్కారు కంప, T4 వెల్లుల్లి. ఐదోది కంట్రోల్, పోల్చి చూడ్డానికి ఏ మందూ లేని వరస. రేకుల మీద మందు పేర్లు రాయలేదు, T అంకెలే. కంట్రోల్ అని మాత్రం తెలుగులో పూర్తిగా రాశాను.

బయమ్మ అది చదివించుకుని, కంట్రోల్ అంటే చక్కెర, కిరసనాయిలు ఇచ్చే అంగడే కదా అంది. అందరం నవ్వాం. చెన్నప్ప మాత్రం నవ్వలేదు. అదేం మందు మేడం అని అడిగాడు. ఎండ మండిపోతోంది, జీపు వెళ్లిపోతుందని డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. అన్నా, అన్నింటికన్నా ముఖ్యమైంది అదే, అది సరిగ్గా లేకపోతే మిగతా నాలుగూ దండగ, వేరే మందు ఒక్క చుక్క కూడా దాని మీద పడనివ్వద్దు అని గబగబా చెప్పాను. తల ఊపాడు. నేను జీపెక్కేలోపే బయమ్మ పాత ఎర్ర రవిక చింపి ఆ వరస మొదటి కూసానికి గుర్తుగా కట్టింది.

6 అక్టోబర్

మారెమ్మ రోజూ వస్తోంది. చెన్నప్ప ఊరిదే, కూలి పనికి పెట్టుకున్నాను. రోట్లో ఆకు దంచడం, నీళ్లలో నానేయడం, పాత చీర గుడ్డలో వడకట్టడం. రిసెర్చ్ స్టేషన్ వెనక షెడ్డు నిండా కంపు. ఉమ్మెత్త ఒక రకం, మురిగిన వెల్లుల్లి ఇంకో రకం. మారెమ్మ ముక్కుకు కొంగు కట్టుకుని, ఈ వాసనకి తెగులేంది మేడమ్మా, దయ్యాలు కూడా ఊరిడిసి పోతాయి అంటుంది.

ఒక ఆలోచన వచ్చింది. చాలా గొప్ప ఆలోచన. మందు కొట్టేవాడికి ఏ క్యాన్‌లో ఏముందో తెలిస్తే, తెలియకుండానే మంచి మందును శ్రద్ధగా, ఉత్తనీళ్లను అశ్రద్ధగా కొడతాడు. రిజల్టు పాడవుతుంది. అందుకని కంట్రోల్ క్యాన్‌లో మామూలు నీళ్లు పోసి, మిగతావాటిలో కలిపినట్టే సబ్బు కలిపి, పైన మిఠాయి అంగడి ఆకుపచ్చ రంగు ఒక చిటికెడు వేశాను. ఇప్పుడు ఐదు క్యాన్లూ ఒకేలా ఉన్నాయి. మారెమ్మను కూడా దగ్గరకు రానివ్వలేదు.

ఇంత నిజాయితీ అవసరమా అన్నాడు దివాకర్ సార్. అవసరమే అన్నాను. ఆయన చేసే ట్రయల్స్‌లో ఎవరూ ఇంత చేయరు. మనసులో చాలా గర్వపడ్డాను, ఇక్కడ రాయడానికి సిగ్గేమీ లేదు.

9 అక్టోబర్

మొదటి స్ప్రే. కాలిపంపు తొక్కింది మారెమ్మ, గన్ పట్టింది చెన్నప్ప. ఐదు వరసలూ ఒకే శ్రద్ధతో కొట్టాడు. నా రంగు పనిచేసింది.

13 అక్టోబర్, శనివారం

రేపటి నుంచి హైదరాబాదులో రెండు వారాల ట్రైనింగ్. తప్పించుకోవడం కుదరలేదు. తోటకు వెళ్లి ఐదు పెద్ద క్యాన్లు దించాను. ఒకటికి పది నీళ్లు కలుపుకుని, ఆరు రోజులకొకసారి ఆ ఐదు వరసలకు కొట్టమన్నాను. మిగిలిన తోటకు మామూలుగా మీ మైలుతుత్తం, సున్నం కొట్టుకోండి అన్నాను. అన్నాననే గుర్తు. ఒకవేళ అతనికి తెలిసిన పనే కదా అని అనలేదేమో.

కంట్రోల్ క్యాన్‌ను మాత్రం నీడలో పెట్టించి, జాగ్రత్త అని రెండుసార్లు చెప్పాను.

17 అక్టోబర్, హైదరాబాద్

అనంతపురం జిల్లాలో వానలట. హాస్టల్ టీవీలో చూపిస్తున్నారు. చుక్క కోసం మొగం వాచే ఊళ్లలో వాగులు పొంగుతున్నాయి. పక్క గది అమ్మాయి, మీ వాళ్లు పండగ చేసుకుంటుంటారు అంది. ద్రాక్షలో ప్రూనింగ్ చేసిన మూడు వారాలకు ఇలాంటి ముసురు పడితే బూజు తెగులు రెండు రోజుల్లో ఆకు కిందంతా దూదిలా పరుచుకుంటుందని ఆ అమ్మాయికి చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం ఉంది. నాకు లోపల ఉత్సాహంగా ఉంది. తెగులు రాకపోతే ట్రయల్ లేదు.

22 అక్టోబర్, సోమవారం. మధ్యాహ్నం రెండున్నర

చెన్నప్ప ఫోన్ చేశాడు. కళ్యాణదుర్గం ఎస్‌టీడీ బూత్ నుంచి. వార్డెన్ క్లాసులోకి వచ్చి పిలిచింది. లైను గరగరమంటోంది, అవతల వాన చప్పుడు.

"మేడం, కంట్రోల్ అయిపోయింది. ఏం జేయల్ల?" అన్నాడు.

"అయిపోనీ అన్నా, మంచిదే. నేనొచ్చేదాకా ఏమీ కొట్టొద్దు," అన్నాను.

సరే మేడం అని పెట్టేశాడు. అంతే ఫోను. అతని గొంతులో కూడా నిశ్చింత వినిపించింది.

కంట్రోల్ వరస పోయిందంటే తెగులు గట్టిగా వచ్చిందన్నమాట. మిగతా నాలుగు వరసల గురించి అతను చెప్పలేదంటే అవి నిలబడ్డాయన్నమాట. నా రసాలు పనిచేశాయి. సాయంత్రం అబిడ్స్ వెళ్లి చీర కొనుక్కున్నాను, నెమలికంఠం రంగు. ఇంత సంతోషం ఈ మధ్య ఎప్పుడూ లేదు.

29 అక్టోబర్, సోమవారం

ఏం రాయాలో తెలియడం లేదు.

తోట మొత్తం పోయింది. నా నాలుగు వరసలు పచ్చగా, మచ్చలు మచ్చలుగా ఉన్నాయి. వాటికి అటూ ఇటూ ఎకరమంతా కాల్చినట్టుంది. పూతగుత్తులు ఎండి నల్లబడి, ముట్టుకుంటే రాలుతున్నాయి. రోడ్డవతల ఓబుళేసు తోట పచ్చగానే ఉంది. వాళ్లు వాన తెరిపిచ్చినప్పుడల్లా మైలుతుత్తం కొట్టారట.

నాకు చెన్నప్ప మీద కోపం వచ్చింది. ట్రయల్ వరసలు తప్ప మిగతా తోటను గాలికి వదిలేస్తావా అన్నా, ముప్పై ఏళ్ల నుంచి సేద్యం చేస్తున్నావు, వానొస్తే మైలుతుత్తం కొట్టాలని నేను చెప్పాలా అని నానా మాటలూ అన్నాను. మారెమ్మ ముందు అన్నాను. అతను తల వంచుకుని నిలబడ్డాడు. బయమ్మ ఎండిన గుత్తులను కోసి ఒళ్లో వేసుకుంటోంది. ఎందుకు వేసుకుంటోందో అడగలేదు.

30 అక్టోబర్

స్కోరింగ్ చేశాను. వరసకు వంద ఆకులు, తెగులు శాతం లెక్క. కానుగ 31.2, ఉమ్మెత్త 38, సర్కారు కంప 24.4, వెల్లుల్లి 29. కంట్రోల్ 88.6.

దివాకర్ సార్ కాగితం రెండుసార్లు చూశాడు. తర్వాత, ఇంత చక్కని తేడా నేను నా సర్వీసులో చూడలేదు అన్నాడు. ఈసారి వేళాకోళం లేదు.

7 నవంబర్, బుధవారం

చెన్నప్ప వచ్చాడు. స్టేషన్‌కు, నా దగ్గరకు. తెల్ల చొక్కా వేసుకుని, గడ్డం గీయించుకుని వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. చెప్పినది చెప్పినట్టు రాసుకోవాలి.

"మేడం, నేను తప్పు జేసినా. మీరు పరీచ్చకని నమ్మి ఇడిసిపెట్టి పోయిన కంట్రోల్ మందు దొంగతనంగా తోటంతా కొట్టినా. వాన పెట్టుకున్యాక మైలుతుత్తం గూడా తేలేదు, ఇంత మంచి మందుంటే అదెందుకులే అనుకుంటి. మందు అయిపోయినాక మీకు ఫోన్ జేస్తి, అప్పుడు గూడా దొంగతనం సంగతి చెప్పలేకపోతి. దొంగమందు యాడన్నా పనిజేస్తాదా? నా చేతికి పాపం తగిలింది."

అయిపోయింది. క్యాన్ అయిపోయింది. అతను చెప్పింది క్యాన్ గురించి. అన్నింటికన్నా ముఖ్యమైనదని నేనే చెప్పాను. తెగులును కంట్రోల్ చేసేది కంట్రోల్ కాక మరేమిటి. మిగతావన్నీ కంపు కొడుతుంటే అదొక్కటే కంపు లేకుండా, సబ్బు వాసనతో ఉంది. నీడలో పెట్టించాను. రెండుసార్లు జాగ్రత్త చెప్పాను. ఏమీ కొట్టొద్దు అన్నది కూడా నేనే. వాన పడుతున్న వారం రోజులు అతను నా మాట మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మొన్న నేను తిడుతుంటే, తాను దొంగ కాబట్టి పడ్డాడు.

అప్పుడే చెప్పేయాల్సింది. చెన్నప్ప ఒకటే అడిగాడు. అది ఏం ఆకు మేడం, అంత మంచి వాసన అని.

చాలా ఆకులు కలిపింది అన్నా, అని చెప్పాను.

ఎందుకలా అన్నానో నాకు తెలుసు. నీళ్లు అంటే అతను నా మొహం వైపు ఎలా చూస్తాడో తలుచుకుని భయపడ్డాను. పక్క గదిలో దివాకర్ సార్ ఉన్నాడు, తలుపు తెరిచే ఉంది. అన్నీ కలిసి ఒక్క క్షణంలో ఆ మాట నోట్లోంచి వచ్చేసింది. అతను రెండు చేతులూ జోడించి దండం పెట్టి వెళ్లిపోయాడు. నాకు దండం పెట్టాడు.

8 నవంబర్

దివాకర్ సార్‌తో అంతా చెప్పాను. ఆయన తలుపు మూసి విన్నాడు. అతను అడగకుండా వాడుకున్నాడు, అందులో నీ తప్పేముంది అన్నాడు. అన్ని రోజుల ముసురులో మైలుతుత్తం కొట్టినా తోట దక్కేదని ఎవరు చెప్పగలరు అన్నాడు. సర్కారోళ్లు నీళ్లు ఇచ్చి కొంప ఆర్పారని ఊళ్లో పుకారు లేస్తే ఇంక ఏ రైతూ మనల్ని గేటు దాటనివ్వడు అన్నాడు. ఇప్పుడు చెప్పి ఏం సాధిస్తావు అన్నాడు.

విన్నంతసేపూ నాకు హాయిగా ఉంది. ఆ హాయి గురించి రాసిపెట్టుకుంటున్నాను.

ఓబుళేసు తోట దక్కింది కదా సార్ అని మాత్రం అనలేకపోయాను. నాకు తెలిసిన సైన్సు ప్రకారం అసలైన పోలిక ఆ తోటే.

9 నవంబర్

రేపు వెళ్లి చెబుతాను.

10 నవంబర్

వెళ్లలేదు.

26 నవంబర్

వెళ్లాను. కళ్యాణదుర్గం బస్టాండు దాకా వెళ్లి, టీ తాగి, అదే బస్సులో తిరిగి వచ్చాను.

17 ఫిబ్రవరి 2002

మారెమ్మ షెడ్డు సామాను సర్దడానికి వచ్చింది. చెన్నప్ప, బయమ్మ బెంగళూరు పోయారట. పోయేముందు చెన్నప్ప లేపాక్షికి నడిచి పోయి, వీరభద్రుడి ముందు ఒట్టు పెట్టుకున్నాడట. ఇంక ఈ జన్మలో చెట్టు మీద చెయ్యి వేయనని. ఓబుళేసు వచ్చి, బతిమాలి, ఈసారి ప్రూనింగ్‌కైనా రమ్మని అడిగితే, నా చెయ్యి చెడ్డదైపోయిందప్పా, నీ తోట గూడా పాడైతాది అన్నాడట.

బోరులో నీళ్లు ఉన్నాయట. నేల ఉంది. అమ్మలేదు, ఎవరికీ కౌలుకు ఇవ్వలేదు. మళ్లీ నాటుకుంటే మూడేళ్లలో కాపు వస్తుంది. అడ్డం ఉన్నది ఆ ఒట్టు ఒక్కటే.

అంటే ఆ ఒట్టు తీసేయడానికి అడ్డం ఉన్నది నేను.

3 జూన్ 2003

వైవా ముగిసింది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ టేబుల్ 14 దగ్గర ఆగి, కంట్రోల్‌లో ఇంత తీవ్రత ఎలా వచ్చింది అన్నాడు. చుట్టూ ఉన్న తోటంతా తెగులుతో ఉంది సార్, ఇనాక్యులం ఎక్కువ, తెగులు బీజాలు గాలి నిండా ఉన్నాయి అన్నాను. నిజమే చెప్పాను. గుడ్ అన్నాడు. కంగ్రాచులేషన్స్ డాక్టర్ ఇంద్రాణి అన్నారు అందరూ.

మెస్‌లో భోజనానికి కూర్చుంటే వడ్డించేవాడు వచ్చి, పప్పు అయిపోయింది మేడం అన్నాడు. లేచి చేయి కడుక్కుని వచ్చేశాను. ఈ మాట లేని రోజు ఉండదు. బస్సులో టికెట్లు అయిపోయాయంటారు. ఇంట్లో గ్యాస్ అయిపోయిందంటారు. ఆఫీసులో కరెంటు పోతే కంట్రోల్ రూంకు ఫోన్ చేయమంటారు. ప్రతిసారీ వెనక వాన చప్పుడు వినిపిస్తుంది. ఎండాకాలంలో కూడా వినిపిస్తుంది.

11 మే 2004. మధ్యాహ్నం

ఆ దారిన ఫీల్డు విజిట్. జీపు ఆపమన్నాను. తోట లేదు. కూసాలు ఉన్నాయి, తీగలు కొన్ని వేలాడుతున్నాయి. మొదళ్లు కొట్టేసి ఉన్నాయి. ఎర్ర గుడ్డ పీలిక ఒకటి కూసానికి ఇంకా అతుక్కుని ఉంది, రంగు పోయింది.

పక్క చేలో మారెమ్మ కనిపించింది. ఈ పక్క పనికి రావాలంటే కూలోళ్లకు భయమని చెప్పింది. మిట్టమధ్యాహ్నం తోటలోంచి కాలిపంపు తొక్కుతున్న చప్పుడు వస్తుందట. తొక్కేదాన్ని నేను ఈడ్నే ఉండా, మరి ఆడ తొక్కేదెవరు మేడమ్మా అంది. నవ్వుతూనే అంది, కానీ చెయ్యి ఆ వైపు చూపించలేదు.

వాళ్ల పిచ్చి అనుకుని లోపలికి వెళ్లాను. నడిమధ్య నిలబడ్డాను. గాలి లేదు. కాసేపటికి వినిపించింది. టక్, టక్, ఆగి, మళ్లీ టక్, టక్. తెగిన తీగ రాతికి కొట్టుకుంటోందని చూశాను, నిజంగానే ఒక తీగ కొట్టుకుంటోంది. దాన్ని చేత్తో పట్టుకుని ఆపాను.

పట్టుకున్నాక కూడా వినిపించింది.

జీపులో డ్రైవర్ మంచినీళ్లు ఇస్తే తాగలేకపోయాను.

12 మే 2004

నిన్న రాసింది చదివాను. కొట్టేయడం లేదు. వడదెబ్బ అయి ఉండొచ్చు.

మారెమ్మను వాళ్ల బెంగళూరు అడ్రసు అడిగాను. ఆమె కూతురు అక్కడే ఇళ్లలో పని చేస్తుందట, కనుక్కుని చెబుతానంది.

19 జనవరి 2005

అడ్రసు వచ్చి ఎనిమిది నెలలైంది. పర్సులోనే ఉంది.

30 జూలై 2006, ఆదివారం

రైతులకు మా సర్కారు కంప రసం మీద కరపత్రం అచ్చు వేశారు. మీటింగులో నేనే పంచాను. వెనక వరసలో ఒక పెద్దాయన లేచి, ఇది యాడన్నా కొట్టి చూసినారా మేడం, ఏ ఊర్లో, ఏ రైతు అని అడిగాడు. పేరు చెప్పలేకపోయాను. రికార్డుల్లో ఉంటుంది అన్నాను. మైకు నా చేతిలో ఉంది, అందరూ వింటున్నారు, నేను అతని పేరు పలకలేకపోయాను.

ఇంక చాలు. వచ్చే ఆదివారం బెంగళూరు.

6 ఆగస్టు 2006, ఆదివారం. రాత్రి, బస్సు దిగి

మారతహళ్లి దగ్గర నాలుగు అంతస్తుల అపార్ట్‌మెంట్. చెన్నప్ప వాచ్‌మన్. మెట్ల కింద ఒక గది, అందులో ఇద్దరూ. జుట్టు పూర్తిగా తెల్లబడింది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఏమే, మేడం వచ్చింది, కాఫీ పెట్టు అని బయమ్మను కేకేశాడు. ఊరి నుంచి చుట్టం వచ్చినట్టు సంతోషపడ్డాడు. మీ పరీక్ష పాసైనారంట కదా, మారెమ్మ కూతురు చెప్పింది అన్నాడు.

వాకిట్లో ఇరవై దాకా పూలకుండీలు. మేము కూర్చున్నంతసేపట్లో పైనుంచి ఒకావిడ దిగి, కుండీ పక్కకు జరపమని చెప్పింది. చెన్నప్ప కదల్లేదు. బయమ్మ కాఫీ వదిలేసి వెళ్లి జరిపి వచ్చింది. నీళ్లు పోసేది, ఎండాకు తీసేది అంతా తనేనని, ఆయన తులసికి కూడా చెయ్యి ఆనించడని చెప్పింది. ఇందుకే రెండు చోట్ల ఉద్యోగం పోయిందట.

చెప్పాను. మొత్తం చెప్పాను. కంట్రోల్ అంటే మందు కాదన్నా, ఉత్తనీళ్లు. సబ్బు, మిఠాయి రంగు కలిపిన నీళ్లు. ఏ మందూ కొట్టకపోతే తెగులు ఎంత వస్తుందో చూడ్డానికి పెట్టిన వరస అది. మీరు దొంగతనం చేసింది నీళ్లే. మీ చేతికి ఏ పాపమూ తగల్లేదు. ఫోన్లో ఏమీ కొట్టొద్దని చెప్పింది నేను. తోట పోయింది నా వల్ల. ఇవన్నీ ఐదేళ్లుగా మనసులో ఎన్నిసార్లు అనుకున్నానో, అచ్చం అలాగే అప్పజెప్పాను.

చెన్నప్ప అంతా విన్నాడు. తర్వాత నవ్వాడు, చిన్నపిల్లను చూసి నవ్వినట్టు.

"మీరు శానా మంచోళ్లు మేడం. నా మనసు కుదుటపడల్లని ఇంత దూరం వచ్చి అట్ల చెప్తాండారు. అది మందే. ఆ పొద్దు నేను అడిగితే మీ నోటితో మీరే చెప్తిరి కదా, శానా ఆకులు కలిపిందని. సదువుకున్నోళ్లు, ఆ పొద్దు నాకు అబద్ధం చెప్పేదానికి మీకేం అవసరం?"

అబద్ధమే అన్నా అన్నాను. కాదులే మేడం అన్నాడు. ఒట్టు వేస్తానన్నాను. వద్దు, ఒట్టు మంచిది కాదు, నా మాదిరి అవస్థ పడతారు అన్నాడు. నన్ను ఓదార్చాడు. కాఫీ చల్లారిపోతోంది తాగమన్నాడు. తాగాను.

బయమ్మ బస్‌స్టాప్ దాకా వచ్చింది. బస్సు కనిపించాక నా మొహంలోకి చూసింది. ఆమె నమ్మింది. ఆయన నమ్మని ప్రతి అక్షరం ఆమె నమ్మింది.

"ఐదేండ్లు ఆ మాట యాడ పెట్టుకొంటివమ్మా?" అని అడిగింది.

కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. బస్సు వచ్చింది, ఎక్కేశాను.

9 ఆగస్టు

మూడు రోజులుగా ఈ నోటుపుస్తకం ముందునుంచీ చదువుతున్నాను. అక్టోబర్ 6న రంగు కలిపిన సంగతి ఉంది. నవంబర్ 7న అబద్ధం చెప్పిన సంగతి ఉంది. తేదీలు ఉన్నాయి. సిరా పాతబడింది, ఇప్పుడు కూర్చుని రాసింది కాదని ఎవరికైనా తెలుస్తుంది. చెన్నప్ప ఐదో తరగతి దాకా చదివాడు, పేపరు చదువుతాడు. మనుషుల మాట నమ్మకపోయినా పాత కాగితాన్ని నమ్మే తరం.

కానీ అక్టోబర్ 22 కూడా ఇందులోనే ఉంది. ఆ పేజీ వెనకవైపే 29 మొదలవుతుంది. ఒకటి చింపితే రెండోదీ పోతుంది. ఒక పేజీ లేని పుస్తకాన్ని ఎవరు నమ్ముతారు.

12 ఆగస్టు 2006, శనివారం. తెల్లవారుజాము

చెన్నప్పన్నా, ఏడు గంటల బస్సుకు వస్తున్నాను. ఈ పుస్తకం మీ చేతికిచ్చి, మీరు చదివేదాకా బయట కూర్చుంటాను. ఏ పేజీ చింపలేదు. మీరు ఫోన్ చేసిన రోజు నేను చీర కొనుక్కున్నాను, అది కూడా చదవండి.